ఇంటి పూజకు గొడుగు హీటరు

గాల్వే,
ఆగస్టు నెలాఖరు

డింప్నాకు,

ఫోనులో మాట్లాడదామంటే సగంలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు కాబట్టి రాస్తున్నాను.

ఈ అక్టోబరులో మన వాడలో ఇంటి పూజ వంతు నీకు వచ్చిందని నోరీన్ కాలరన్ చెప్పింది. సంతోషం. ఎన్నో ఏళ్ళకోసారి వచ్చే వంతు. ఫాదర్ నీ ఇంటికొచ్చి పూజ చెబుతారు, వాడంతా వస్తుంది, ఆ తర్వాత నీ టీ కప్పుల గురించి ఏడాదిపాటు చెప్పుకుంటారు. ఇల్లంతా రంగులు వేయిస్తున్నావట, వేయించు. కొత్త కర్టెన్లు కుట్టిస్తున్నావట, కుట్టించు. నన్ను కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది వేరే సంగతి.

మూతపడిన హోటలు సామాను వేలంలో గొడుగు హీటరు కొన్నావట. కింద గ్యాసు బండ, నెత్తిన రేకు గొడుగు, మధ్యలో మంట ఉండే ఆ పొడుగాటి స్తంభం. పెరటి గచ్చు మీద డేరా వేసి, బలిపీఠం పక్కన దాన్ని నిలబెట్టి, దాని పక్కన అమ్మను కూర్చోబెడతావట.

అలాంటివి మా పబ్బు పెరట్లో నాలుగున్నాయి. లోపల సిగరెట్ తాగకూడదని చట్టం వచ్చినప్పుడు, బయట నిలబడి తాగేవాళ్ళు కొయ్యబారిపోకుండా మా ఆయన ఫెస్టీ పెట్టించాడు. శనివారం సాయంత్రం తాగుబోతులు వాటి చుట్టూ చేరి పాటలు పాడతారు. ఇప్పుడు నువ్వు దాన్ని దివ్యసత్ప్రసాదం పక్కన నిలబెడుతున్నావు. దేవుడికి కోపం రాదులే. ఆయన పశువుల పాకలో పుట్టినవాడు, నీ డేరాకు కూడా సర్దుకుంటాడు. నా భయం అమ్మ గురించి. ఎనభై ఆరేళ్ళ మనిషి. మామూలుగా ఊపిరి తీస్తేనే పాత తలుపు తెరిచినట్టు చప్పుడొస్తుంది. ఆ హీటరు ఆరుబయట వాడేది. చుట్టూ మూసిన చోట వాడితే మనిషిని మింగుతుంది. నీకు అర్థమవుతుందన్న ఆశ నాకు లేదు, అయినా రాశాను.

అట్రాక్టా

*

గ్లాన్‌డూ, మేయో,
సెప్టెంబరు మొదట్లో

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటు బీరు వాసన కూడా అందింది.

పబ్బు నడిపేవాణ్ణి చేసుకుని నువ్వు హీటర్ల మీద పండితురాలివయ్యావన్న సంగతి మాకిక్కడ తెలియలేదు. నోరీన్ కాలరన్ తన వంతుకు అద్దాల గది కట్టించింది. ఫాదర్ టూహీ పూజకు వచ్చి ఆ గది కప్పును రెండుసార్లు మెచ్చుకున్నారు. నాకు అద్దాల గది లేదు. మా ఆయన మలాకీ గొర్రెలు మేపి కట్టించగలిగింది పెరటి గచ్చు ఒక్కటే. ముందు గదిలో పదిమంది పడతారు, పదకొండో మనిషి పియానో ఎక్కాలి. అందుకని డేరా. అమ్మ వణుకుతుంటే చూస్తూ కూర్చోలేను, అందుకని హీటరు. ఈ ఇంట్లో అమ్మ వినే ఆఖరి పూజ ఇదే కావచ్చు. ముందు వరసలో, వాడంతా చూస్తుండగా, వెచ్చగా కూర్చుని వింటుంది. నువ్వు గాల్వేలో గ్లాసులు కడుక్కుంటున్నన్నాళ్ళూ ఆమెను చూసుకున్నది నేను. ఎక్కడ కూర్చోవాలో కూడా నేనే చెబుతాను.

మధ్యలో గ్యాసు అయిపోతే పరువు పోతుందని రెండో బండ కూడా తెప్పించాను. అమ్మ గది పక్కన మెట్ల కింది అరలో పెట్టాను. కంటికి బాగుండదని లేసు గుడ్డ కప్పి, పైన యేసు తిరుహృదయ స్వరూపం నిలబెట్టాను. చూసినవాళ్ళు చిన్న బలిపీఠం అనుకుని సిలువ గుర్తు వేసుకుంటున్నారు.

మన తమ్ముడు జార్లత్ సంగతి నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతాను. పొలం అవతల ఆ రెండు గదుల ఇంట్లో, ఆ కుక్కతో, అలాగే ఉన్నాడు. పూజకు ఉతికిన చొక్కా వేసుకుని రమ్మన్నాను. "లోపలికి రానుగా అక్కా, చొక్కా ఎవరికి?" అన్నాడు. ప్రతి ఆదివారం గుడికి వెళతాడు, గుడి గడప మాత్రం దాటడు. తలుపు బయట గోడకు ఆనుకుని నిలబడతాడు. మోకరించాల్సి వస్తే టోపీ నేలన పరిచి ఒక్క మోకాలు ఆనిస్తాడు. పూర్వం అలా బయట నిలబడే మగవాళ్ళు డజను మంది ఉండేవాళ్ళు. సగంమంది చచ్చిపోయారు, సగంమంది సిగ్గుపడి లోపలికొచ్చారు. జార్లత్ ఒక్కడే రెండూ చేయకుండా మిగిలాడు.

రావాలనుంటే పూజకు రా. వెనక వరసలో ఎక్కడైనా సర్దుతాను.

డింప్నా

*

గాల్వే,
సెప్టెంబరు

డింప్నాకు,

ముందు లేచి వెళ్ళి ఆ బండను మెట్ల కింద నుంచి తీయించు. తర్వాత వచ్చి మిగతాది చదువు.

తీయించలేదని నాకు తెలుసు. ప్రొపేన్ గాలి కంటే బరువైనది. ఏ కాస్త కారినా నీళ్ళలా నేలబారున పాకి పల్లంలో చేరి కూర్చుంటుంది. ఎవరో వచ్చి దీపం స్విచ్చి నొక్కితే చాలు, నీ కొత్త కర్టెన్లు పక్క జిల్లాలో దొరుకుతాయి. ఆ బండకు ఇంట్లో ఏ మూలా చోటు లేదు. బయట, గాలి ఆడేచోట, వాల్వు బిగించి, నిటారుగా నిలబెట్టు. కాలువ మూతల దగ్గర పెట్టకు, పడుకోబెట్టకు. తిరుహృదయాన్ని దించి గోడ గూట్లో పెట్టు. అక్కడ నిలబడతానని ఆయన నిన్ను అడగలేదు.

హీటరు చదునైన నేల మీద ఉండాలి. గొట్టం ఎక్కడైనా బీట పడిందేమో చూడు. కీళ్ళ దగ్గర సబ్బు నీళ్ళు రాయి, బుడగలొస్తే గ్యాసు కారుతున్నట్టే. డేరా గుడ్డకూ అమ్మ శాలువాకూ వేడి తగలనంత దూరంలో పెట్టు. పైన కప్పు ఉంటే ఉండనీ, పక్కలు మాత్రం సగానికి పైగా తెరిచే ఉండాలి. మా దగ్గర పనికి చేరినవాళ్ళకు మొదటి రోజే ఇవన్నీ చెబుతాం. వాళ్ళలో బడి ముఖం చూడనివాడు కూడా ఒక్కసారికే వింటాడు.

జార్లత్ విషయంలో మనిద్దరికీ మాట కలుస్తుంది, దేవుడు మనకు ఆ ఒక్కటైనా మిగిల్చాడు. వాడు బయట నిలబడేది సిగరెట్ కోసం, ఇంకెందుకు? దేవుడికీ సిగరెట్‌కూ మధ్య ఒక తలుపు పెట్టుకున్నాడు.

నేను పూజకు రాను. పబ్బులో పనుంది. ఆ వెనక వరస ఇంకెవరికైనా పనికొస్తుందిలే.

అట్రాక్టా

*

గ్లాన్‌డూ,
అక్టోబరు మొదట్లో

అక్కయ్యకు,

బండను మెట్ల కింద నుంచి తీశాం. నువ్వు చెప్పావని కాదు, చీపురు పెట్టడానికి చోటు లేక. ఇప్పుడు బయట గోడ పక్కన నిలబడి ఉంది. సబ్బు నీళ్ళు కూడా రాశాం, ఒక్క బుడగ రాలేదు. ఇక ఆ ముచ్చట ఆపు.

నువ్వు చెప్పినట్టు పక్కలన్నీ తెరిచి నిన్న వెలిగించి చూశాం. గాల్వేలో నీ పెరటికి నాలుగు వైపులా గోడలున్నాయి. ఇక్కడ సముద్రం మీది నుంచి వచ్చే గాలికి మా గొర్రెలే పక్కకు నడుస్తాయి. మంట వెలిగిస్తే ఆరింది, మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరింది. ఆఖరికి హీటరే పడిపోయింది. పడితే గ్యాసు దానంతటదే ఆగిపోయే ఏర్పాటేదో ఉందట, ఆగింది. మలాకీ కాసేపు గడ్డం గోక్కుని, పశువుల మేతగడ్డి కుప్పల మీద కప్పే నల్ల ప్లాస్టిక్ తెచ్చాడు. నాలుగు వైపులా నేల దాకా దించి, అంచుల మీద పాత టైర్లు పెట్టాడు. అక్కయ్యా, ఇప్పుడు లోపల కొవ్వొత్తి మంట కూడా కదలడం లేదు. నల్లగా ఉందని లోపలివైపు తెల్ల దుప్పట్లు తగిలించాను. గుడిలో ఉన్నట్టే ఉంది. హీటరు మంట కూడా హోటల్లో ఉన్నప్పటిలా నీలంగా కాకుండా పసుపుపచ్చగా, మెత్తగా, బలిపీఠం కొవ్వొత్తుల రంగులోనే వెలుగుతోంది. నేనడగకుండానే కుదిరింది.

మలాకీ దుప్పట్లు కడుతూ లోపల చాలాసేపు ఉండి తలనొప్పితో బయటికొచ్చాడు. అప్పుడే నోరీన్ వచ్చి వెళ్ళింది కాబట్టి కారణం వెతుక్కోనక్కర్లేదు.

వాన రాకుండా బాలయేసు స్వరూపాన్ని బయట పొదలో పెట్టాను, అమ్మ పెళ్ళికి మన అమ్మమ్మ పెట్టినట్టే. గాలికి పడి తల ఊడింది. తల ఊడితేనే మంచిదంటారు కదా.

డింప్నా

*

గాల్వే,
అక్టోబరు

డింప్నా,

నీకు చిన్నప్పటి నుంచీ బుర్ర కంటే కర్టెన్లే ఎక్కువ. మన నాన్న పోయినప్పుడు కూడా శవపేటిక రంగు గదికి నప్పలేదని బాధపడ్డదానివి. ఒక ముసలమ్మను గడ్డి కుప్పలా ప్లాస్టిక్‌లో చుట్టి, టైర్లు పెట్టి, అది భక్తి అంటున్నావు. నోరీన్ ముందు తలెత్తుకోవాలని ఇంత దిగజారతావని నేను అనుకోలేదు. కాదు, అనుకున్నాను. నీ గొప్పల పిచ్చి చూస్తే ఫాదర్ టూహీ ప్రసంగం కంటే పొడుగు. నీ తెల్ల దుప్పట్ల గురించి చదివి ఫెస్టీ కౌంటరు మీద పడి నవ్వాడు.

ఆ పక్కలు తెరువు. వాసన వచ్చేది కాలని గ్యాసుకు. గాలి చాలక సగం సగం కాలినదానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. పసుపు మంట అంటే అదే. మలాకీ తలనొప్పి అంటే అదే. తెరవలేకపోతే హీటరు ఆర్పెయ్యి. అమ్మకు దుప్పట్లు కప్పు, వేడినీళ్ళ సంచి ఇవ్వు, వంటగదిలో పొయ్యి పక్కన కూర్చోబెట్టి తలుపు తెరిచి ఉంచు. పూజ అక్కడికీ వినపడుతుంది.

ఒక్కసారి నా మాట విను. వినవని తెలుసు. గాడిదకు జపమాల వేసినట్టే నీకు చెప్పడం.

అట్రాక్టా

*

గ్లాన్‌డూ,
అక్టోబరు

అక్కయ్యకు,

నాన్న శవపేటిక దాకా చదివి నీ ఉత్తరాన్ని పొయ్యిలో వేశాను. బాగా మండింది. నీ మాటల్లో వేడి ఉంటుందని ఎప్పుడూ అనేదాన్ని.

పూజ అయిపోయింది. బాగా జరిగింది. అందరూ కోట్లు విప్పి కూర్చున్నారు. బలిపీఠంగా వేసిన పాలరాతి టేబులును ఫాదర్ టూహీ మెచ్చుకున్నారు. చివర్లో గాలికి ప్లాస్టిక్ కొంచెం చిరిగింది. వాడంతా ఫ్లూ తిరుగుతోంది కదా, నోరీన్ ఎక్కడి నుంచో పట్టుకొచ్చింది, కొందరికి నలతగా ఉండి టీ తాగకుండానే వెళ్ళారు. అమ్మకు కాస్త నీరసం. కాసిల్‌బార్ ఆసుపత్రిలో ఉంచి చూస్తున్నారు, రేపో ఎల్లుండో పంపేస్తారు. నువ్వు పరిగెత్తుకు రావాల్సిన పనేం లేదు. జార్లత్ ఎప్పటిలాగే అందరి ముందూ గోల చేశాడు, వాడి గురించి రాయడం కూడా కాగితం దండగ.

నోరీన్ మా హీటరు చూసి మనసు పడింది. క్రిస్మస్‌కు తన అద్దాల గదిలో పెట్టుకుంటానని అరువు అడిగింది. ఎవరు ఎవర్ని అడుగుతున్నారో చూశావా?

డింప్నా

*

గాల్వే,
అక్టోబరు

డింప్నా,

జార్లత్ ఫోను చేశాడు. మన పెళ్ళిళ్ళకు కూడా చేయనివాడు పబ్బుకు ఫోను చేశాడు. "అక్కా, వాసన లేని గ్యాసుంటుందా?" అని అడిగాడు. ఉంటుందన్నాను. "అమ్మ కళ్ళు తెరిచింది" అని చెప్పి పెట్టేశాడు.

ఆ రెండు మాటలతో నేను ఆసుపత్రికి వచ్చాను. నువ్వు అప్పుడే ఇంటికెళ్ళావని నర్సు చెప్పింది. అమ్మ ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకుని ఉంది. నన్ను చూసి, ఫాదర్ టూహీ గొర్రె దొరికిందా అని అడిగింది. డాక్టరు నాతో మాట్లాడాడు. నీకు చెప్పిన మాటలే నాకూ చెప్పాడు. ఆ డేరాలో కూర్చున్నవాళ్ళందరినీ రమ్మనాలని నీతో అన్నాడట, నువ్వు చెబుతానన్నావట.

ఫ్లూ అట. నోరీన్ పట్టుకొచ్చిందట. ఆ హీటరును నువ్వు నోరీన్‌కు అరువిస్తావా? అద్దాల గదిలో, తలుపులు మూసి, క్రిస్మస్ నాడు, మనవల మధ్య? నిన్ను చూస్తే నాకు కోపం కూడా రావడం లేదు డింప్నా. కోపానికి కాస్త మర్యాద ఉంటుంది.

ఏం జరిగిందో రాయి. మొత్తం రాయి.

అట్రాక్టా

*

గ్లాన్‌డూ,
అక్టోబరు నెలాఖరు

అక్కయ్యా,

మలాకీ గొర్రెల సంతకు వెళ్ళాడు. అమ్మ ఇంటికొచ్చింది, పడుకుని ఉంది. ఒక్కసారే రాస్తాను, మళ్ళీ అడగకు.

పూజ మధ్యాహ్నం. పొద్దుటి నుంచే హీటరు వెలిగించి, ప్లాస్టిక్ దించి ఉంచాను. వచ్చినవాళ్ళందరూ కోట్లు విప్పారు. అక్టోబరులో, మేయోలో, పెరట్లో కోట్లు విప్పారు. నోరీన్ కోటు బొత్తాలు తీస్తున్నప్పుడు దాని మొహం చూశాను. ఇదంతా ఆ మొహం చూడటానికే చేశానేమో.

అమ్మను ముందు వరసలో హీటరు పక్కనే కూర్చోబెట్టాను. జార్లత్ తడి కుక్క వాసన కొట్టే కోటుతో వచ్చాడు. ప్లాస్టిక్ అవతలే ఉండు అన్నాను. "అక్కడే ఉంటాగా" అన్నాడు.

ఫాదర్ టూహీ ప్రసంగం నీకు తెలియనిది కాదు. ఎక్కడ మొదలుపెట్టినా పారిష్ హాలు కప్పుకు చందాల దగ్గర తేలతారు. ఆ రోజు తప్పిపోయిన గొర్రె దగ్గర మొదలుపెట్టి అక్కడే తిరిగారు. కాపరి గొర్రెను వెతకడానికి బయల్దేరాడు. కాసేపటికి మళ్ళీ బయల్దేరాడు. ఎవరికీ తేడా తెలియలేదు. తలలు ఒక్కొక్కటే వాలిపోయాయి. ప్రసంగంలో తలలు వాలితే మనవాళ్ళలో ఎవరు కంగారు పడతారు చెప్పు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కుర్చీ జరపలేదు. నా తల పగిలిపోతోంది, పూజకు ముందు ఉన్న పస్తు వల్ల అనుకున్నాను. ఇంత భక్తిగా నోరీన్ అద్దాల గదిలో కూర్చున్నారా అని కూడా అనుకున్నాను. అమ్మ గడ్డం గుండెల మీద వాలింది. పాపం, వెచ్చగా నిద్రపోతోంది అనుకున్నాను.

ఆ మాట రాసి ఇంతసేపు కలం పక్కన పెట్టాను.

పరలోక జపం మొదలైంది. సగంలో నా గొంతు ఒక్కటే నాకు వినపడుతోంది. అప్పుడు వెనక ఏదో చిరిగిన చప్పుడైంది. గొర్రెల గిట్టలు చెక్కే కత్తితో జార్లత్ ప్లాస్టిక్‌ను పైనుంచి కింది దాకా కోసేశాడు. దుప్పట్లు లాగి పారేశాడు. చల్లగాలి మొహాన కొట్టింది. నేనేమన్నానో తెలుసా? "నా ప్లాస్టిక్" అన్నాను.

వాడు నా వైపు చూడలేదు. "లేవండి. అందరూ బయటికి. ఫాదర్, మీరు కూడా" అన్నాడు. వాడి నోట్లో అన్ని మాటలుంటాయని నాకు తెలియదు. అమ్మను కుర్చీతో సహా ఎత్తుకుని గేటు దాకా తీసుకుపోయాడు. మలాకీ తూలుతూ వెళ్ళి గ్యాసు కట్టేశాడు. ఫాదర్ గచ్చు అంచున కూర్చుండిపోయారు. నోరీన్ నా హైడ్రాంజియా పొదలో వాంతి చేసుకుంది. దేవుడు నన్ను క్షమించాలి, అది తలుచుకున్నప్పుడు మాత్రం ఇప్పటికీ కాస్త ఊరటగా ఉంటుంది.

మిగతావాళ్ళు గాలి తగిలి తేరుకున్నారు. అమ్మ తేరుకోలేదు. కారులో వెనక సీట్లో జార్లత్ ఒళ్ళో తల పెట్టి పడుకోబెట్టాం. పెదవుల రంగు చూసి నాకు ఏడుపు రాలేదు, అంత భయం.

ఆసుపత్రి వరండాలో అడిగాను, నీకెలా తెలిసిందిరా అని. "ఆమెన్ వినపళ్ళేదు" అన్నాడు.

అర్థం కాలేదన్నాను. నేల చూస్తూ చెప్పాడు. "ఇన్నేళ్ళుగా తలుపు అవతల నుంచే కదక్కా వింటున్నా. ఎవరు ఏ మాట ఎంత గట్టిగా అంటారో నాకు తెలుసు. ముందు అమ్మ గొంతు ఆగింది. నిద్రపోయిందిలే అనుకున్నా. తర్వాత నోరీన్‌ది ఆగింది. నోరీన్ నోరు ఆగిందంటే ఏదో అయ్యుండాలి కదా."

అక్కయ్యా, నేను అక్కడే ఉన్నాను, ఆ నిశ్శబ్దాన్ని విని మురిసిపోయాను. నోరీన్‌కు నిజం చెప్పడం నావల్ల కాదు. ఫ్లూ అని చెప్పింది చెప్పినట్టే ఉండనీ. హీటరు పాడైపోయిందని చెప్పి ఊరుకుంటాను.

డింప్నా

*

గాల్వే,
నవంబరు

డింప్నా,

హీటరు పాడైపోయిందంటే నోరీన్ కొత్తది కొంటుంది. కొత్తదైనా మూసిన గదిలో అదే పని చేస్తుంది. నువ్వే వెళ్ళి చెప్పాలి. అందరికీ చెప్పాలి. ఇంకా ఎవరికైనా తలనొప్పి ఉంటే డాక్టరు దగ్గరికి పంపాలి. ఇందులో బేరం లేదు.

నీ హీటరుకు పసుపు మంట ఎందుకొచ్చిందో ఫెస్టీ చెప్పాడు. మూతపడిన హోటల్లో ఊరికే పడి ఉన్నన్నాళ్ళూ గొట్టంలో సాలీళ్ళు గూడు కట్టి ఉంటాయట. అందుకే మేము వాడనప్పుడు చల్లారాక ముసుగు కప్పుతాం, మళ్ళీ వెలిగించే ముందు మనిషిని పిలిపించి శుభ్రం చేయిస్తాం. ఇది నేను నీకు రాయలేదు. శవపేటిక గురించి రాయడానికి చోటు దొరికింది, దీనికి దొరకలేదు.

డేరా పక్కలు తెరవమన్న మాటను నేను రెండో పేరాలో రాశాను. నువ్వు మొదటి పేరా చదివి కాల్చావు. ఆ మొదటి పేరా నేను రెండుసార్లు చిత్తు రాసి మెరుగుపెట్టాను, డింప్నా. ఫెస్టీకి చదివి వినిపించాను. రెండోది ఊరికే రాశాను.

జార్లత్‌కు నేనే ఫోను చేశాను. సిగరెట్లు తాగి తాగి ఊపిరితిత్తులు ఉన్నాయా అని వెటకారం చేశాను, ఇంకేం మాట్లాడాలో తెలియక. వాడు సిగరెట్ మానేసి చాలా ఏళ్ళయిందట. మరి గుడి బయట ఎందుకు నిలబడతావురా అంటే, "మొదట్లో సిగరెట్ కోసమే. తర్వాత అక్కడ బాగా వినపడుతుందని" అన్నాడు. పొలం అవతల నుంచి నీకు రోజూ కనిపిస్తాడు, నువ్వు అడగలేదు. నేను అడగలేదు.

ఆ రోజు నీ డేరా బయట ఉన్నవాళ్ళు ఇద్దరే. మన తమ్ముడు, తల ఊడిన బాలయేసు. ఇద్దర్నీ నువ్వే బయట పెట్టావు.

నోరీన్ దగ్గరికి వెళ్ళు.

అక్కయ్య

*

గ్లాన్‌డూ,
మార్చి

అక్కయ్యా,

నువ్వు క్షేమంగా చేరావని ఫెస్టీ చెప్పాడు. పూజలో నువ్వు ముందు వరసలో అమ్మ పక్కన కూర్చున్నావు కాబట్టి వాకిలి దగ్గర జరిగింది నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

వసంతకాలం పూజ వంతు జార్లత్ ఇంటికి వస్తుందని మనం ఎవరమూ అనుకోలేదు. వాడి ఇంటిని ఎప్పుడూ దాటేసి పోయేవాళ్ళం. ఈసారి నోరీనే ఫాదర్‌తో చెప్పిందట, వరసలో తర్వాతి ఇల్లు అదే అని. నేను నిజం చెప్పడానికి వెళ్ళిన రోజు ఆమె నన్ను తలుపు దగ్గరే నిలబెట్టి విన్నది. "హైడ్రాంజియాకు కూడా ఫ్లూ వచ్చిందా?" అని అడిగి తలుపు వేసేసింది. నెల రోజులు గుడిలో నా వైపు చూడలేదు. నాకు తగిన శాస్తే, కానీ ఆ అద్దాల గది తలుపులు ఇప్పుడు ఎప్పుడు చూసినా బార్లా తెరిచే ఉంటాయి. కర్టెన్లు తడిసి చెడిపోతున్నాయి.

హీటరు చల్లారాక ముసుగు కప్పి కొట్టంలో పెట్టాను. బండలు రెండూ బయట నిటారుగా ఉన్నాయి, వాల్వు రోజూ చూస్తాను. మంచి కాలం వచ్చాక మనిషిని పిలిపిస్తాను. మేము మాత్రం దాన్ని ముట్టుకోం.

జార్లత్ ఇల్లు చూశావుగా. కర్టెన్ల బదులు ఎరువు సంచులు. టీ కప్పుల్లో రెండింటికి చెవులు లేవు. కుక్కకు స్నానం చేయించానని చెప్పాడు కానీ కుక్క ఒప్పుకున్నట్టు కనపడలేదు. తలుపు తెరిచి, కిటికీలు తెరిచి, అందరం కోట్లు వేసుకుని, దుప్పట్లు కప్పుకుని వణుకుతూ కూర్చున్నాం. ఫాదర్ టూహీ మెచ్చుకోవడానికి ఏమీ దొరక్క గాలి బాగుందన్నారు.

నాకు లోపల చోటు చాలక గడపలో నిలబడ్డాను. వాడు గడప బయట, తన ఇంటి గోడకే ఆనుకుని నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. లోపలి నుంచి ఫాదర్ పిలిచారు, "ఈ రోజన్నా లోపలికి రా జార్లత్, ఇది నీ ఇల్లు."

వాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని అన్నాడు. "మీరు కానివ్వండి ఫాదర్. ఎవరో ఒకరు బయట వింటుండాలి గదా."

ఫాదర్ సరే అన్నట్టు తల ఊపారు. నేను గడప దిగి వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాను. తడి కుక్క వాసన అలాగే ఉంది.

ఆ తర్వాత లోపల అమ్మ ఆమెన్ అంది. నీకు దగ్గరగా ఎలా వినపడిందో తెలియదు. బయటికి మాత్రం గట్టిగా వినపడింది. వాడు తల ఊపాడు.

డింప్నా